గుడ్లామె పక్క చోటు

జూన్ 4

మరదలు పిల్లకి వదిన రాస్తున్నది.

ఫోన్లో చెబుదామనే అనుకున్నాను. కానీ ఫోన్లో మనిద్దరం ఒకేసారి మాట్లాడి ఒకేసారి పెట్టేస్తాం. తర్వాత మీ అన్నయ్య "ఏమంది?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు. అందుకే కాగితం. దీన్ని మధ్యలో ఆపి నువ్వు అందుకోలేవు.

విషయం ఏమిటంటే, నేను మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతున్నాను.

నువ్వు చదివింది నిజమే, అదే రాశాను. తప్పంతా మీ అన్నయ్యది. వర్క్‌షాపులో లేత్ మిషన్ తిప్పిన చేతులు రిటైరయ్యాక ఊరుకుంటాయా? పగిలిన బకెట్లు, పాత టబ్బులు, చివరికి వాడకంలో లేని సింకు కూడా మిద్దె మీదికి మోసి మట్టి పోశారు. పాలకూర, కొత్తిమీర, పుదీనా, మెంతికూర. మొదట్లో ముచ్చటగానే ఉంది. తర్వాత పొద్దున పాలకూర, రాత్రి పాలకూర. ఇరుగుపొరుగుకి పంచాను. కొన్నాళ్ళకి నేను సంచీతో మెట్లు దిగుతున్న చప్పుడు వింటే కింద వాటా వాళ్ళు తలుపేసుకోవడం మొదలుపెట్టారు. ఊరికే వచ్చేది ఎంత మంచిదైనా లోకువే. "అయితే అమ్మేద్దాం" అన్నాను నవ్వులాటకి. ఆయన నవ్వలేదు. మర్నాటికి నేనూ నవ్వడం మానేసి మార్కెట్‌కి వెళ్ళాను.

ఇన్నేళ్ళూ ఆ మార్కెట్లో కొన్నదాన్నే కదా, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. కొనేటప్పటి మార్కెట్ వేరు, అమ్మేటప్పటి మార్కెట్ వేరు. ఇటు నుంచి చూస్తే ముందు కనపడేవి కాళ్ళు. తొందరలో ఉన్న కాళ్ళు, కొనకుండా తిరిగే కాళ్ళు, ఆగాలా వద్దా అని తేల్చుకోలేని కాళ్ళు. మొహం చూడకుండానే కొనేవాళ్ళెవరో చెప్పేయొచ్చు.

అయితే చోటు ఇంకా నాది కాలేదు. ఇక్కడొక పద్ధతుంది. కొత్తవాళ్ళు ఖాళీగా ఉన్న చోట వానల మొదట్లో కూర్చోవాలి. వానలు సగం పడ్డాక మార్కెట్ మేస్త్రీ వచ్చి అటు పక్కవాళ్ళనీ ఇటు పక్కవాళ్ళనీ ఒకే మాట అడుగుతాడు: "ఈమెని పక్కన కూర్చోబెట్టుకుంటారా?" ఇద్దరూ సరేనంటే చోటు ఖాయం. ఒక్కరు కాదన్నా సంచీ సర్దుకోవడమే. కారణం అడగరు. ఎడమ పక్కన తాళ్ళూ బుట్టలూ అమ్మే పెద్దాయన. ఆయనకి చెవులు సరిగా వినపడవు, ఏమడిగినా అవునంటాడు. ఆయనతో పేచీ లేదు. కుడి పక్కన గుడ్లామె. నన్ను ఎగాదిగా చూసి, "ఎన్నాళ్ళుంటావు?" అంది. "ఉండనిస్తే చివరిదాకా" అన్నాను. "చూద్దాం ఆకులమ్మా" అని తన గుడ్లు సర్దుకుంది. వచ్చిన రోజే నాకు పేరు పెట్టేసింది.

మీ అన్నయ్య బాగున్నారు.

వదిన

జూన్ 13

వదినా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి మా ఆయనకి చదివి వినిపించాను, ఆయన పేపరు పక్కన పెట్టారంటే అర్థం చేసుకో.

అన్నయ్యకి ఒంట్లో ఎలా ఉంది? నిజం చెప్పు. మెంతికూర గురించి అంత రాసి, ఆయన గురించి మాత్రం "బాగున్నారు" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. నిజంగా బాగున్నవాళ్ళ గురించి ఎవరూ అంత పొట్టిగా రాయరు. ఇంట్లో ఏదో ఇబ్బంది ఉంది. నాకు చెప్పడానికి మొహమాటపడి మిద్దె మీద మొక్కల కథ అల్లావు. ఆయన నోరు విప్పరు, చిన్నప్పుడు చెయ్యి విరిగినా రాత్రిదాకా చెప్పలేదు. నువ్వైనా చెప్పాలి కదా.

ఇక రెండో సంగతి. పరువు కోసం కాదని బుకాయించను, పరువు కోసమే. మా అబ్బాయికి పిల్లనిస్తున్నవాళ్ళు మీ ఊళ్ళోనే ఉన్నారని మర్చిపోయావా? మా కాబోయే వియ్యపురాలు కూరలకి ఆ మార్కెట్‌కే వస్తుంది. సంబంధం మాట్లాడుకున్న రోజు "మా వదిన, మా ఇంటికి పెద్ద దిక్కు" అని నిన్ను ఎంత గొప్పగా చూపించాను! ఇప్పుడు ఆ పెద్ద దిక్కు గోనెపట్టా మీద కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతుంటే ఆవిడ చూస్తే నేనేం చెప్పుకోను? పెళ్ళి అయ్యేదాకానైనా ఆగలేవా?

మానమంటే నువ్వు మానవని నాకు తెలుసు. అందుకే మా ఆఫీసు వాళ్ళిచ్చిన పెద్ద గొడుగు పార్సిల్లో పంపుతున్నాను. ఆవిడ వచ్చే వేళకి అడ్డం పెట్టుకో.

అన్నయ్యని జాగ్రత్తగా చూసుకో. నాకేమీ దాచకు.

నీ మరదలు

జూన్ 24

మరదలా,

గొడుగు అందింది. బ్రహ్మాండంగా ఉంది. రేకుల కప్పు సరిగ్గా నా నెత్తి మీదే కారేది. ఆ చోటుకి కట్టాను. ఎర్రగా, అంత వెడల్పుగా ఉండేసరికి మార్కెట్ గేటు దగ్గర నుంచే కనపడుతోందట. "గొడుగు కింద ఆకులమ్మ" అంటే చాలు, ఇప్పుడు ఎవరైనా దారి చూపిస్తారు. నీ పుణ్యమా అని బేరాలు పెరిగాయి.

మీ అన్నయ్య గురించి పొట్టిగా రాశానన్నావు కాబట్టి ఈసారి పొడుగ్గా. తెల్లవారకముందే లేచి టార్చిలైటుతో మిద్దెక్కుతారు. ఒక్కో మొక్కనీ పలకరించి గానీ కొయ్యరు. నేను కత్తెర పెడితే "అక్కడ కాదు, ఇక్కడ" అంటూ చెయ్యి పట్టుకుంటారు. మార్కెట్‌లోకి మాత్రం రారు, తన ఆకుల్ని ఎవరైనా గిల్లి చూస్తే తట్టుకోలేరట. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, నేను బయటికి రాగానే "పుదీనా ఎవరు కొన్నారు? మంచివాళ్ళేనా?" అని అడుగుతారు. రెండు పూటలా తింటున్నారు, గురకపెట్టి నిద్రపోతున్నారు. ఇంత రాశాక కూడా అనుమానం ఉంటే ఆ గురక రికార్డు చేసి పంపుతాను.

పని చెబుతాను విను. కట్ట కట్టడం అనుకున్నంత తేలిక కాదు. గట్టిగా కడితే మధ్యాహ్నానికి మెడ విరిచేస్తుంది, వదులుగా కడితే కొనేవాళ్ళ చేతిలోనే విడిపోతుంది. నీళ్ళు చేతి వేళ్ళతోనే చిలకరించాలి, గిన్నెతో పోస్తే ఆకు కుళ్ళుతుంది. ఇవన్నీ గుడ్లామె తిట్టి నేర్పింది. ఆమె ప్రేమగా చెప్పిన మాట నేనింతవరకూ వినలేదు, తప్పు చెప్పిన మాటా వినలేదు.

మొన్న ఒకావిడ మెంతికూర కట్ట ఎత్తి చూస్తోంది. "దాంట్లో రెండు ఆకులు పురుగు తినేసింది, పక్కది తీసుకోండి" అన్నాను. ఆవిడ వెళ్ళాక గుడ్లామె నా వైపు తిరిగి, "పురుగు సంగతి పురుగు చెప్పుకుంటుంది, నీకెందుకు? నువ్వు ఇటు కూర్చుని అటువైపు మాట్లాడతావేంటి?" అంది. నిజమే. జన్మంతా కొన్నదాన్ని, నాలిక ఇంకా ఇటు తిరగలేదు.

ఇంకొక మంచి మాట. ఇక్కడ పక్కవాళ్ళు భోజనానికి లేస్తే వాళ్ళ సరుకు మనమే అమ్మిపెట్టాలి. వాళ్ళ ధరకే, వాళ్ళ మాటతోనే. గుడ్లామె మాట "పొద్దున వచ్చినవి." అంతకు మించి ఒక్క ముక్క అనకూడదు. నిన్న మొదటిసారి ఆ గుడ్లు నాకు అప్పగించి వెళ్ళింది. నమ్మకం కుదిరినట్టే. నాకు ఎంత గర్వంగా ఉందో నీకు చెప్పినా అర్థం కాదు.

వదిన

జూలై 3

వదినా,

ఇంతకుముందు అన్నయ్య గురించి భయపడ్డాను. ఇప్పుడు నీ గురించి భయపడుతున్నాను.

నిన్న వియ్యపురాలు ఫోన్ చేసింది. పెళ్ళి పనుల గురించేమో అనుకుని తీశాను. అరగంట మాట్లాడింది, అందులో పావుగంట ఒక ఆకుకూరలామె గురించే. "మా మార్కెట్లో ఎర్ర గొడుగు కింద ఒకామె ఉంది వదినగారూ, అంత నిజాయితీ మనిషిని నేను చూడలేదు. గుడ్లు తాజావేనా అని అడిగితే నీళ్ళ గిన్నెలో వేసి ఒక్కొక్కటీ చూపించింది. నాలుగు పనికిరానివి తీసి పక్కన పెట్టింది. అక్కడున్న జనమంతా మాకూ చూపించమని ఎగబడ్డారు" అంది. నేను "అలాగా, అలాగా" అంటూ గోడకి చేరబడ్డాను.

ఆ గుడ్లు నీవి కావు కదా? "ఒక్క ముక్క అనకూడదు" అని రాసింది నువ్వే కదా?

ఆవిడ నిన్ను గుర్తుపట్టలేదు, అదొక్కటే అదృష్టం. లేక గుర్తుపట్టి నన్ను ఆటపట్టించిందా? ఆ మాట తలుచుకుని రాత్రంతా నిద్ర లేదు. వెంటనే రాయి.

నీ మరదలు

జూలై 12

మరదలా,

ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. ముస్తాబు లేకపోతే నన్నెవరు గుర్తుపడతారు? ఆవిడ్ని మాత్రం నేను చూడగానే పోల్చాను. అందుకే వచ్చింది తంటా అంతా. మనకి వియ్యపురాలు కాబోయే మనిషి, నీ మీద గౌరవంతో మంచివి ఏరి ఇవ్వాలనుకున్నాను. "తాజావేనా?" అంది. "పొద్దున వచ్చినవి" అన్నాను, నేర్పినట్టే. "వచ్చింది పొద్దున సరే, పెట్టింది ఎప్పుడు?" అంది ఆవిడ. గట్టి మనిషే, నీకు సరిజోడు. అచ్చం నేను అడిగేలాగే అడిగింది. ఇక నా చెయ్యి నా మాట వినలేదు. ఆకుల మీద చిలకరించే నీళ్ళ గిన్నె పక్కనే ఉంది. వేశాను. మంచివి అడుగున పడుకున్నాయి, మూడు నిలబడ్డాయి, ఒకటి పైకి తేలింది. వెనకనున్నవాళ్ళు చూశారు. గుడ్లామె భోజనం చేసి వచ్చేసరికి నా గిన్నె ముందు వరస కట్టి ఉన్నారు.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. నిలబడిన గుడ్లన్నీ ఏరి బుట్టలో పెట్టుకుంది, అంతే. మర్నాడు మా ఇద్దరి మధ్య ఒక చెక్క నిలబెట్టింది. అప్పటి నుంచి మాట లేదు. భోజనానికి వెళ్ళేటప్పుడు గుడ్లు ఎదురుగా ఉన్న ఉల్లిపాయలతనికి అప్పగించి వెళ్తోంది. రెండుసార్లు క్షమించమన్నాను, చెక్కకి చెప్పినట్టుంది. మీ అన్నయ్య లేత పుదీనా కోసి ఇచ్చారు, ఆమెకిమ్మని. అది తాళ్ళ పెద్దాయన చేతుల మీదుగా నాకే తిరిగొచ్చింది. "నా మాటలు నలభై ఏళ్ళుగా నీళ్ళలో వేసి చూశావు, నేను కాబట్టి భరించాను. ఇప్పుడు ఊరి మీద పడ్డావా?" అన్నారు మీ అన్నయ్య. నవ్వించాలని చూశారు పాపం. నాకు నవ్వు రాలేదు.

ఆగస్టు మొదట్లో మేస్త్రీ వస్తాడు. ఆమె కాదంటుంది. అంటే తప్పేమీ లేదు, ఆమె తిండి మీద నీళ్ళు పోసింది నేనే. కానీ నీకు ఒక్క మాట చెప్పుకోవాలి. నాకు ఆ చోటు కావాలి. అవసరం ఉండి కాదు, నువ్వనుకునే ఇబ్బంది ఏదీ మా ఇంట్లో లేదు. పొద్దున్నే గోనెపట్టా పరిచి కట్టలు వరసగా పేర్చుకుని చూసుకుంటే నాకు ఒళ్ళంతా తేలికవుతుంది. నలుగురూ నా దగ్గరికి వస్తారు. ఇది పోతే చాలా బాధపడతాను, ముందే చెబుతున్నాను.

నువ్వు మాత్రం ఇప్పుడు రావద్దు. వస్తే నీ ముందు ఏడుస్తాను, అది నాకిష్టం లేదు.

వదిన

జూలై 30

వదినా,

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకు. మోకాళ్ళ నొప్పులు, పెళ్ళి పనులు, ఒకటని కాదు.

రావద్దన్నావు కదా, రాను. నువ్వు అలా రాసేసరికి మళ్ళీ అన్నయ్య మీదికి పోయింది మనసు. ఏమీ లేదని నువ్వు ఎన్నిసార్లు చెబితే అంత అనుమానం నాకు. పోనీలే.

ఏది జరిగినా మన మంచికే అనుకో. ఆమె కాదంటే అదీ మంచికే. అప్పుడు ఇద్దరూ వచ్చి మా ఇంట్లో ఓ నెల ఉండండి. మా మిద్దె మీద కూడా బకెట్లు పెట్టుకోమను అన్నయ్యని.

నీ మరదలు

ఆగస్టు 5

ఓ మరదలా,

నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? రైల్లో రానూ పోనూ అంతసేపు కూర్చుంటే ఎవరికైనా వస్తాయిలే.

ముందు జరిగింది చెబుతాను, తర్వాత నీ సంగతి. నిన్న మేస్త్రీ వచ్చాడు. నేను అప్పటికే సగం ఆకులు సంచీలో సర్దేశాను, వెళ్ళేటప్పుడు తడుముకోకుండా. తాళ్ళ పెద్దాయన్ని అడిగితే "అవునవును" అన్నాడు. తర్వాత గుడ్లామెని అడిగాడు. ఆమె చెక్క తీసి పక్కన పెట్టింది. "కూర్చోబెట్టుకుంటా" అంది. మేస్త్రీకే నమ్మకం కలగక ఇంకోసారి అడిగాడు. "చెవుడు ఆ పెద్దాయనకి అనుకున్నా, నీక్కూడానా?" అంది.

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. "నీ మీద ప్రేమతో కాదు, ఆవిడ మీద కోపంతో" అంది.

"ఎవరావిడ?"

"వారం కిందట నువ్వు పంపు దగ్గరికి నీళ్ళకెళ్ళినప్పుడు వచ్చింది. ఆమె పెద్దింటి కోడలు, ఇది ఆమె కూర్చునే చోటు కాదు, మేస్త్రీ అడిగితే కాదనండి, మీకు పుణ్యం ఉంటుంది అంది. నేను కాదనాలనే అనుకున్నా. ఆ మాట నేననాలి. నా పక్కన ఎవరు కూర్చోవాలో రైలు దిగొచ్చి ఆవిడెవరు చెప్పడానికి? ఇది కూర్చునే చోటు కాదంటే, పాతికేళ్ళుగా కూర్చున్న నేనేంటి మరి?"

"ఎలా ఉంటుంది ఆవిడ?" అన్నాను, నాకు అప్పటికే తెలిసిపోయినా.

"భుజానికి ఖరీదైన సంచీ. ముక్కు మాత్రం రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడతాడే మీ ఆయన, ఆయనదే."

మరదలా, నిన్ను తిట్టాలని కూర్చున్నాను, తిట్టు రావడం లేదు. నువ్వు చెడగొట్టాలని వచ్చి నాకు చోటు ఖాయం చేసి వెళ్ళావు. కానీ ఒక్కటి మాత్రం క్షమించను. ఊళ్ళోకి వచ్చి మా గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోయావు. మీ అన్నయ్యకి చెబితే మిద్దెక్కి చాలాసేపు కిందికి దిగలేదు. ఆయన బాగున్నారో లేదో చూసుకోవడానికైనా రాలేకపోయావా? అనుమానం నీదే కదా.

గుడ్లామెకి నా మీద నమ్మకం మాత్రం ఇంకా కుదరలేదు. ఇవాళ గుడ్లు నాకే అప్పగించింది గానీ, భోజనానికి వెళుతూ నా నీళ్ళ గిన్నె తనతో పట్టుకుపోయింది. నేను అరచేతిలో నీళ్ళు పోసుకుని ఆకుల మీద చిలకరించుకున్నాను. అయినా మార్కెట్లో నాకంటే సంతోషంగా ఉన్న మనిషి ఇవాళ లేరు.

వదిన

ఆగస్టు 12

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

వచ్చింది నేనే. ఆ మాటలన్నదీ నేనే, గుడ్లామె ఒక్క ముక్క కూడా కలపలేదు. అన్నయ్యని చూశాను. సాయంత్రం గేటు అవతల నిలబడి ఉన్నారు, నేను ఆటోలోంచి చూశాను. బుగ్గలు నిండుగా ఉన్నాయి, కాళ్ళు గట్టిగా ఉన్నాయి. నువ్వు రాసిందంతా నిజమే. అది చూశాక మీ గుమ్మం తొక్కడానికి నాకు మొహం చెల్లలేదు.

వియ్యపురాలికి మొన్న నేనే ఫోన్ చేసి చెప్పాను, ఆ గొడుగు కింద ఉన్నది మా వదినే అని. ఎవరి నోటినుంచో వినేకంటే నా నోటినుంచే వినడం నయం కదా. ఆవిడ, "అయితే ఇక ఆవిడ దగ్గర బేరమాడకూడదేమో" అంది దిగులుగా. "ఆడండి, ఆడకపోతే మా వదినకి నచ్చదు" అన్నాను.

గుడ్లామె నీకు చెప్పని సంగతి ఒకటుంది. "ఇది ఆమె కూర్చునే చోటు కాదు" అని నేనంటే, "మరి మీ ఇంట్లో ఎక్కడ కూర్చుంటుంది?" అని అడిగింది. ఎగతాళికే అడిగి ఉంటుంది. నేను జవాబు చెప్పబోయాను. ఆలోచిస్తే గుర్తుకి రాలేదు. పొయ్యి దగ్గర నిలబడ్డావు, వడ్డిస్తూ నిలబడ్డావు, అమ్మ మంచాన పడ్డప్పుడు ఆ మంచం పక్కన నిలబడ్డావు, మేమంతా తిని లేచాక కూడా చేతిలో గిన్నెతో నిలబడే ఉన్నావు. మా ఇంట్లో నీకంటూ ఒక కుర్చీ ఎక్కడుందా అని ఎంత వెతికినా దొరకలేదు.

ఈలోపు నువ్వు నీళ్ళు పట్టుకుని వస్తూ కనపడ్డావు. నేను తాళ్ళ కొట్టు చాటుకి తప్పుకున్నాను. నువ్వు వచ్చి గోనెపట్టా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నావు. నీ ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. నువ్వేమీ తొందరపడలేదు. ఒక్కొక్కరికీ తీరిగ్గా చెబుతూ, నవ్వుతూ, కట్టలు అందిస్తున్నావు. వాళ్ళు నిలబడి ఉన్నారు, నువ్వు కూర్చుని ఉన్నావు. అలా ఎంతసేపు చూశానో నాకే తెలియదు. చూస్తూ ఏడ్చాను, సిగ్గు లేకుండా.

ఆదివారం వస్తున్నాను. ఈసారి చాటుగా కాదు, ముందు మార్కెట్‌కే వస్తాను. నన్ను చూసి లేవకు.

నీ మరదలు